తెలిసిన మామ లేని పిల్లల కోసం

సంపాదకులకు నమస్కారం.

నేను గుంతకల్లువాడిని. 1986లో డీజిల్ అసిస్టెంట్‌గా రైల్వేలో చేరి, గూడ్స్ నడిపి, ప్యాసింజర్లు నడిపి, ఆఖరికి మెయిల్ బండ్ల మీద లోకో పైలట్‌గా, అంటే ఇంజన్ డ్రైవరుగా, 2023లో రిటైరయ్యాను. పేపర్‌కు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మొన్నామధ్య ఒక బడిపిల్లలతో గడిపిన గంట గురించి రాయాలి, రకరకాల పనులు చేసేవాళ్లు పల్లె బడుల పిల్లలతో ఇట్లా వీడియోలో మాట్లాడాలని ఆ గంట తర్వాత నా మనసులో పడ్డ మాటా రాయాలి, అందుకే కాస్త పొడుగ్గా ఉంటుంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

మా అక్క కూతురు ఆదోని వైపు ఒక పల్లెలో ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచరు. ఒకరోజు ఫోన్ చేసి, "మామా, శనివారం మధ్యాహ్నం మా తొమ్మిదో తరగతి పిల్లలతో వీడియో కాల్లో ఒక గంట మాట్లాడతావా, నీ పని గురించి చెప్తే చాలు" అంది. నా పని గురించి చెప్పేదేముందమ్మా, ఎవరన్నా కలెక్టర్ని పిలుచుకోవచ్చు కదా అన్నాను. "కలెక్టర్ గురించి వాళ్లకు తెలుసు మామా, నీ గురించే తెలీదు" అంది. పెద్దయ్యాక ఏమవుతారో చీటీల మీద రాయమంటే నలభై రెండు మంది పిల్లలు రాసిన చీటీలన్నింట్లో కలిపి అయిదే పనులున్నాయట. టీచరు, పోలీసు, డాక్టరు, కలెక్టరు, సాఫ్ట్‌వేరు. తొమ్మిది చీటీలు ఉత్తవే. ఆ ఊరికి కిలోమీటరు దూరంలో ముంబై-చెన్నై మెయిన్ లైను పోతుంది. అటునుంచి వేసిన పట్టాలు, ఇటునుంచి వేసిన పట్టాలు రాయచూరు దగ్గర కలిసింది 1871లో. అప్పటినుంచీ ఆ పల్లెల మీదుగా బండ్లు పోతూనే ఉన్నాయి, పిల్లలు చేతులూపుతూనే ఉన్నారు, నేనూ కొన్ని వేలసార్లు హారన్ కొట్టి చెయ్యూపి ఉంటాను, కానీ ఇంజన్లో కూర్చున్న మనిషి అక్కడికి ఎట్లా వచ్చాడో ఆ తరగతిలో ఒక్కరికీ తెలీదు. అడిగి తెలుసుకోవచ్చని కూడా ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

సరేనన్నాను. అన్న వెంటనే నాకు గుర్తొచ్చింది మాత్రం వేరే పిల్లవాడు. గుత్తి దగ్గర పల్లెలో నాకు తెలిసిన ఒక రైతు కొడుకు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాడు, అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని నంద్యాలలో రూము తీసుకుని రెండేళ్లు చదివాడు. మొదటి పరీక్ష పాసయ్యాడు, రెండోది పాసయ్యాడు, కంప్యూటర్ మీద పెట్టే ఆప్టిట్యూడ్ టెస్టు కూడా దాటాడు, ఊళ్లో స్వీట్లు కూడా పంచారు. తర్వాత మెడికల్‌కు పోతే అక్కడ రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి చుక్కల మధ్యలో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. వాడికి అంకె కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లు. పుట్టుకతోనే వస్తుంది, ఎక్కువగా మగపిల్లల్లో ఉంటుంది, మిగతా చూపంతా బాగానే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా వాడికీ తెలీదు. ఆ రాత్రి వాళ్ల నాయన నాకు ఫోన్ చేసి "అన్నా, ఎవరికన్నా చెప్తే ఏమన్నా అవుతాదా" అని అడిగాడు. ఏమీ కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రెండేళ్ల ఖర్చు, రూము అద్దె, అప్పు అవన్నీ పక్కన పెట్టండి, తొమ్మిదో తరగతిలో ఒక్కరు ఒక్క మాట చెప్పి ఉంటే వాడు అప్పుడే వేరే దారి చూసుకునేవాడు. ఆ ఒక్క మాట చెప్పే మనిషి వాడి చుట్టుపక్కల లేడు. నేనున్నాను, కానీ వాడు తొమ్మిదిలో ఉన్నప్పుడు నాకు వాడెవరో తెలీదు.

అందుకని శనివారానికి ముందు స్టేషనరీ షాపుకు పోయి చార్టు కాగితాలు తెచ్చి పళ్లెమంత గుండ్రాలు కత్తిరించాను. ఎరుపు ఒకటి, పసుపు రెండు, ఆకుపచ్చ ఒకటి.

ఆ బడిలో, ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద పెట్టిన పెద్ద డిజిటల్ తెర ఉంది. పాఠాల వీడియోలు దాంట్లోనే చూపిస్తారు. దానికి కెమెరా లేదు కాబట్టి మా అమ్మాయి తన ఫోన్‌ను స్టూలు మీద పుస్తకాల దొంతరకు ఆనించి పెట్టింది, నేను వాళ్లకు తెర మీద కనిపిస్తాను, వాళ్లు నాకు ఫోన్ కెమెరాలోంచి కనిపిస్తారు. మొదటి పది నిమిషాలు సగం వినపడలేదు, నా గొంతు నాకే తిరిగి వస్తోంది, ఒకసారి నా బొమ్మ నోరు తెరిచి ఆగిపోయిందట, పిల్లలు ఒకటే నవ్వు. తర్వాత ఫోన్లో స్పీకర్ తగ్గించి, పిల్లలు అడిగే ప్రశ్నను మా అమ్మాయి దగ్గరికొచ్చి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాక సర్దుకుంది.

నేను పావుగంట మాట్లాడాను అంతే. బొగ్గు గూడ్స్ అంటే 58 వ్యాగన్లు, లోడు మీద అయిదు వేల టన్నులకు అటూ ఇటూ ఉంటుందని, బ్రేకు వేసిన చోట అది ఆగదని, ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుందని చెప్పాను. డ్యూటీకి పోగానే లాబీలో, అంటే డ్యూటీ రాయించుకునే గదిలో, ఊది చూపించాలని, తాగినట్టు వస్తే ఆరోజు బండి ఎక్కనివ్వరని చెప్పాను. మేం చేరిన కొత్తలో కాల్‌బాయ్ అర్ధరాత్రి సైకిలు మీద ఇంటికొచ్చి తలుపు కొట్టి డ్యూటీకి లేపి సంతకం పెట్టించుకునేవాడని చెప్తే వాళ్లకు అది కథలాగా అనిపించింది. ఆ తర్వాత కార్డులు తీశాను.

ఇంజన్లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ప్రతి సిగ్నల్‌నూ చెయ్యి చాపి చూపించి పైకి చెప్పుకుంటారు. ఒకరు చెప్తే రెండోవాళ్లు మళ్లీ చెప్పాలి. రాత్రి రెండు గంటలకు, కళ్లు మూతలు పడుతున్నప్పుడు, ఆ కేకే మనిషిని బతికిస్తుంది. ఇప్పుడు మీరంతా నా అసిస్టెంట్లు, నేను కార్డు చూపిస్తే చెయ్యి చాపి పేరు కేకేయాల అన్నాను. ఎరుపు చూపించాను. "రెడ్" అని నలభై గొంతులు. ఒక పసుపు. "ఎల్లో." రెండు పసుపులు కలిపి పట్టుకుంటే ఒక క్షణం ఆగి, వెనక బెంచీలోంచి ఒక పాప "డబుల్ ఎల్లో" అంది, అది విని అందరూ అందుకున్నారు. డబుల్ ఎల్లో అంటే వచ్చే సిగ్నల్ దగ్గర జాగ్రత్త పడాలి, ఇప్పటినుంచే సర్దుకో అని అర్థం చెప్పాను. పది నిమిషాలు అదే ఆట. పక్క క్లాసు టీచరు వచ్చి ఏమైందని అడిగి, ఆమె కూడా తలుపు దగ్గరే నిలబడిపోయింది.

ఇక ప్రశ్నలు. మా అమ్మాయి ముందురోజే అందరితో చీటీల మీద రాయించి పెట్టింది, లేకపోతే తెర ముందు నోరు విప్పరని. ఆ చీటీలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, అడిగి తెప్పించుకున్నాను.

"ఇంజన్లో నిద్రొస్తే ఎట్ల సార్?" అని ఒకడు. నిమిషంపాటు ఏ మీటా కదపకపోతే ముందు లైటు వెలుగుతుందని, తర్వాత బజర్ మోగుతుందని, అప్పటికీ మీట నొక్కకపోతే బండి తనంతట తానే బ్రేకు వేసుకుంటుందని చెప్పాను. "మనిషి అడ్డమొస్తే?" అని ఇంకొకడు. దీనికి జవాబు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పాను. బ్రేకు వేస్తాం, హారన్ కొడతాం, బండి మాత్రం ఆగదు, అట్లాంటి రోజు ఇంటికొచ్చి అన్నం తినలేం అని. క్లాసంతా గమ్మునుండిపోయింది. ఈ పనిలో అది కూడా ఉందని వాళ్లకు తెలియాలి, దాచిపెడితే అది వాళ్లను మోసం చేసినట్టే. జీతం ఎంతని అడిగారు, కొత్తగా చేరేవాళ్లకు ఇప్పుడున్న లెక్క ప్రకారం మూల వేతనం 19,900 అని, దాని మీద డీఏ, నడిపిన కిలోమీటర్లను బట్టి ఇచ్చే అలవెన్సు ఉంటాయని చెప్పాను. ఇంగ్లీషు రాకపోతే ఎట్ల అన్నారు, రైల్వే పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చని చెప్తే ఆ పిల్లల మొహాలు నేను ఫోన్లో చూశాను, సార్, అది ఇక్కడ రాయలేను. పదో తరగతి, దాని మీద ఐటీఐ గానీ డిప్లొమా గానీ ఉంటే చాలని, ఈమధ్య వచ్చిన నోటిఫికేషన్లలో వయసు 18 నుంచి 30 అని, బీటెక్ కోసం లక్షలు పోయాల్సిన పని లేదని వివరంగా చెప్పాను.

లావు అద్దాలు పెట్టుకున్న ఒక పిల్లవాడు లేచి "నాకు అద్దాలున్నాయి, నేను కావొచ్చా సార్" అన్నాడు. కాలేవు నాయనా అని చెప్పాను. ఈ ఉద్యోగానికి అద్దాలు లేకుండా పూర్తి చూపు ఉండాలి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా తీసుకోరు. అయితే వెంటనే ఇంకోటి చెప్పాను, రైల్వే అంటే ఇంజను ఒక్కటే కాదని, గుత్తిలో, గుంతకల్లులో లోకో షెడ్లున్నాయని, అక్కడ ఇంజన్లను విప్పి బిగించే పనివాళ్లు, బుకింగ్ కౌంటర్లో కూర్చునేవాళ్లు, ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్లు చాలామంది ఉన్నారని, ఆ పనులకు కళ్ల పరీక్ష వేరని. వాడు కూర్చోకుండా "షెడ్డులో ఏం జేస్తారు సార్" అని మళ్లీ అడిగాడు. దాని మీదే అయిదు నిమిషాలు పోయాయి.

చివర్లో డబుల్ ఎల్లో చెప్పిన పాప అడిగింది, "ఆడోళ్లు నడపొచ్చా సార్?" నడపొచ్చమ్మా, ఆసియాలో మొదటి మహిళా లోకో పైలట్‌గా పేరు తెచ్చుకున్న సురేఖా యాదవ్ అనే ఆమె 36 ఏళ్లు బండ్లు నడిపి 2025 సెప్టెంబరులో రిటైరయ్యారు, వందే భారత్ కూడా నడిపారు అన్నాను. పాప ఊరుకోలేదు. "మరి ఇంజన్లో బాత్రూం ఉంటాదా?" క్లాసు నవ్వింది, నేను నవ్వలేదు. అది మా పనిలో అన్నిటికంటే పెద్ద కష్టం. నేను చేసినన్నాళ్లూ ఇంజన్లో ఆ సౌకర్యం లేదు, ఇప్పుడిప్పుడే కొత్త ఇంజన్లలో పెడుతున్నారు, ఆడపిల్లలు గంటలకొద్దీ నీళ్లు తాగకుండా డ్యూటీ చేసిన రోజులు నాకు తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ ప్రశ్నకు జవాబు ఏ వీడియోలోనూ దొరకదు. ఆ పాపకు తెలియాల్సింది అదే, అడగడానికి ఎదురుగా మనిషి ఉంటేనే అది బయటికొచ్చింది.

నేను చెప్పదలుచుకున్నదీ ఇదే. మా నాయన పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్. నాకు రైల్వే ఉద్యోగాలు, ఐటీఐ, ఏ నెలలో ఏ నోటిఫికేషన్, ఇవన్నీ మా ఇంటి అరుగు మీద మాటల్లో తెలిశాయి. నేను తెలివైనవాడినని కాదు, అరుగు మీద తెలిసినవాళ్లు ఉన్నారని. డాక్టర్ ఇంటి పిల్లలకు నీట్ సంగతులు, లాయర్ ఇంటి పిల్లలకు కోర్టు సంగతులు అన్నం తింటూ తెలుస్తాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పిల్లల అరుగు మీద ఎవరున్నారు? వాళ్ల అమ్మానాయనలు సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయి నెలల తరబడి రారు, అవ్వో తాతో దగ్గరుంటారు, లేకపోతే పిల్లల్ని కూడా తీసుకుని పోతారు. ఆ పిల్లలకు తెలిసిన మామ ఒకడు కావాలి. పనిచేసేవాడు, ఆ పని ఎట్లా వచ్చిందో చెప్పేవాడు, అడిగితే విసుక్కోనివాడు. రక్తసంబంధంలో అట్లాంటి మామ లేకపోతే తెర మీదైనా ఒక గంట అప్పివ్వొచ్చు కదా.

ఇది మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించారు, వాటిలో మన ఆంధ్ర పల్లెలు కూడా ఉన్నాయి. అప్పుడు పిల్లలు చూడటమే, అడగడానికి లేదు. అమెరికాలో 2017 నుంచి శాస్త్రవేత్తలను వీడియో కాల్లో నేరుగా తరగతి గదులకు కలిపే పని ఒక పరిశోధకురాలు మొదలుపెట్టి నడిపిస్తున్నారని మా అమ్మాయి చెప్పింది, మా అమ్మాయికి ఈ ఆలోచన వచ్చింది అక్కడినుంచే. అంతెందుకు, 2025 జూలైలో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రం నుంచే మన దేశం పిల్లలతో నేరుగా మాట్లాడారు. భూమి చుట్టూ తిరుగుతున్న మనిషి మాట్లాడగా లేనిది, కర్నూలు పెద్దాసుపత్రి నర్సమ్మ డ్యూటీ దిగాక అరగంట కోసిగి పిల్లలతో మాట్లాడలేదా?

బడికి పిలిచి మాట్లాడించొచ్చు కదా అని కొందరంటారు. పిలవండి, మంచిదే. కానీ బెంగళూరులో పనిచేసే మన జిల్లా అమ్మాయి ఒక పీరియడ్ కోసం సెలవు పెట్టి రాలేదు. ఇంకో లాభం ఏమిటంటే, మనిషి బడికి వస్తే మనిషే వస్తాడు, వీడియోలో అయితే పని చేసే చోటు కూడా వస్తుంది. ధర్మవరంలో మగ్గం ముందు కూర్చుని, డిజైను కోసం చిల్లులు పెట్టిన జాకార్డ్ అట్టల్లోంచి చీర అంచు మీదికి పువ్వు ఎట్లా వస్తుందో చూపించొచ్చు. ఓర్వకల్లు, గని దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులో టెక్నీషియన్ ప్యానెళ్ల వరసల మధ్య నిలబడి చెప్పొచ్చు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసే ఐటీఐ కుర్రాడు, ప్రొద్దుటూరులో బంగారం స్వచ్ఛత పరీక్షించేవాళ్లు, 108 అంబులెన్సులో ఉండే టెక్నీషియన్, గాలిమరల మీదికెక్కి రిపేరు చేసేవాళ్లు. ఉరవకొండ వైపు పోతే ఆకాశమంతా ఆ రెక్కలే, వాటి మీదికి ఎవరెక్కుతారని ఏ పిల్లవాడికైనా అనిపించదా? ఇంకొకటి చెప్తాను. మన రైతులు ఇన్నేళ్లుగా వేస్తున్న కె-6 వేరుశనగ కదిరి పరిశోధన కేంద్రంలో తయారైన రకం. కె అంటే కదిరే. ఆ విత్తనం చేతుల్లో పెట్టుకుని పెరిగిన పిల్లలకు, కొత్త విత్తనం తయారుచేయడం ఒక ఉద్యోగం అని, దానికి బైపీసీ తీసుకుని అగ్రికల్చర్ బీఎస్సీ చదివే దారి ఉందని తెలీదు. ఆ కేంద్రంలో ఎవరైనా ఒకరు చేలో నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు.

అయితే ఎవరినిబడితే వాళ్లను తెర మీదికి తేకూడదు. ఇది నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నాకు కడుపుమంట ఉంది. మాకు తెలిసినవాళ్ల ఊళ్లో బడికి ఒక కోచింగ్ సంస్థవాళ్లు కెరీర్ గైడెన్స్ అని జూమ్‌లో వచ్చారట, గంటసేపు వాళ్ల ర్యాంకులు, వాళ్ల హాస్టల్, వాళ్ల ఫీజు రాయితీ, చివరికి పిల్లలందరి ఫోన్ నంబర్లు ఒక ఫారంలో రాయించుకున్నారు. తర్వాత నెలరోజులు ఆ తల్లిదండ్రులకు ఫోన్లే ఫోన్లు. ఒక తల్లి అప్పు చేసి కట్టింది కూడా. అది గెస్టు మాట కాదు, వ్యాపారం. వచ్చేవాళ్లు ఆ పని చేసేవాళ్లో చేసి దిగినవాళ్లో అయి ఉండాలి, అమ్మడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండకూడదు, టీచర్ మొదటినుంచి చివరిదాకా గదిలోనే ఉండాలి, పిల్లల నంబర్లు వాళ్లకు, వాళ్ల నంబర్లు పిల్లలకు పోకూడదు. ఏదైనా తర్వాత అడగాలంటే టీచర్ ద్వారా అడగాలి. మా అమ్మాయి నా విషయంలో కూడా అట్లాగే చేసింది, మేనమామనైనా సరే.

కష్టపడు, కలలు కను అని చెప్పే ఉపన్యాసాలు కూడా వద్దు. అవి పిల్లలు చాలా విన్నారు. పొద్దున లేచి ఏం చేస్తావు, చేతిలో ఏం పట్టుకుంటావు, తప్పు జరిగితే ఎవరు తిడతారు, నెలకెంత వస్తుంది, ఏం చదివితే వచ్చింది, మొదటిసారి ఎందుకు ఫెయిలయ్యావు, ఇవి చెప్పాలి. మాట్లాడేది పావుగంట, మిగతాదంతా పిల్లలది. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులు చూశాం, అందరూ మ్యూట్‌లో, టీచర్ ఒక్కరే మాట్లాడటం. ఇదీ అట్లాగే అయితే అసలు పెట్టొద్దు.

ఎప్పుడు పెట్టాలి అంటే, నా లెక్కలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే. పదిలోకి వస్తే స్పెషల్ క్లాసులు, మార్చి పరీక్షల టెన్షన్, పిల్లవాడికి తల ఎత్తడానికే ఉండదు. రిజల్ట్స్ వచ్చాక వారం రోజుల్లో ఎంపీసీనా బైపీసీనా సీఈసీనా పాలిటెక్నికా ఐటీఐనా అని తేల్చుకోవాలి, అప్పుడు పక్కింటివాళ్ల పిల్లవాడు ఏం తీసుకుంటే వీడూ అదే. నా కొడుకు విషయంలో నేను కూడా అదే చేశాను, ఎంపీసీ అన్నాను, వాడు రెండేళ్లు హాస్టల్లో ఏడ్చాడు, వాడికి ఇష్టమైన పని ఏదో తెలుసుకునేసరికి ఇరవై అయిదు దాటాయి. 2020 జాతీయ విద్యా విధానంలోనే 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, ఇట్లా పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని రాసి ఉంది. ఎనిమిదో తరగతివాళ్లకు ఆ రోజుల్లోనే దీనికి గంట కేటాయిస్తే కొత్తగా టైం టేబుల్ వెతకక్కర్లేదు. తెరలు బడుల్లో ఉన్నాయి. కావాల్సింది ఒక వెబ్ కెమెరా, ఒక వైరు మైకు, కరెంటు పోతే నడిచే ఏర్పాటు, టీచర్ సొంత ఫోన్ డేటా వాడకుండా బడికి ఒక కనెక్షన్. కర్నూలు, అనంతపురం, కడప, నంద్యాల, సత్యసాయి జిల్లాల విద్యాశాఖ అధికారులను నేను అడిగేది ఇంతే. మండలానికి ఒక టీచర్‌కు ఈ బాధ్యత ఇచ్చి, ఆ మండలం నుంచి పోయి ఎక్కడెక్కడో పనిచేస్తున్నవాళ్ల జాబితా రాయించండి. ప్రతి ఊరికీ వాట్సాప్ గ్రూపు ఉంది, ఒక్క సాయంత్రంలో జాబితా తయారవుతుంది.

ఆ శనివారం తర్వాత రెండు రోజులకు మా అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. "మామా, మూడో బెంచీలో ఒకడున్నాడు, నువ్వు కార్డు చూపించినప్పుడల్లా వాడు పక్కవాడి నోరు చూసి కేకేస్తున్నాడు, నేను గమనించాను, సోమవారం విడిగా పిలిచి ఆ రంగు కాగితాలే చూపిస్తే ఎరుపును, ఆకుపచ్చను కలిపేస్తున్నాడు" అంది. వాడిని అందరి ముందూ అడగకుండా విడిగా పిలిచినందుకు ఆ పిల్లను మనసులోనే దీవించాను. తర్వాత వాళ్ల తాతను ఒప్పించి ఆదోనిలో కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు, అక్కడా అదే చెప్పారు. డ్రాయింగులో చెట్టుకు మట్టిరంగు ఆకులు వేస్తాడని ఇన్నాళ్లూ వాడిని తిట్టేవాళ్లట. వాడికి పద్నాలుగేళ్లు. ఎలక్ట్రికల్ వైర్ల రంగుల పని, రైలు సిగ్నల్ పని వాడికి కుదరవు, కానీ లెక్కలు బాగా చేస్తాడట, దానికి దారులు చాలా ఉన్నాయి, చూసుకోవడానికి టైముంది. గుత్తి పిల్లవాడికి ఆ టైము దొరకలేదు.

వచ్చే నెల ఆ క్లాసుతో మాట్లాడబోయేది కర్నూలులో పనిచేసే ఒక నర్సు, ఆ పక్క ఊరి ఆడపడుచే. బాత్రూం గురించి అడిగిన పాప ఇప్పటికే పదకొండు ప్రశ్నలు రాసిందట.

రైల్వేలో, ఆర్టీసీలో, కరెంటు ఆఫీసులో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో చేసి రిటైరై ఇంట్లో కూర్చున్న మనలాంటివాళ్లం ఈ జిల్లాల్లో చాలామందిమి ఉన్నాం. మధ్యాహ్నం మూడు గంటలకు మనకున్న పనేమిటి? దగ్గరున్న ప్రభుత్వ బడికి పోయి హెడ్మాస్టర్‌ను అడగండి. నా పేరు, నంబరు విడిగా మీ ఆఫీసుకు పంపుతున్నాను, పేపర్లో వేయొద్దు, ఏ బడి టీచరైనా మీ ద్వారా అడిగితే ఇవ్వండి. గుంతకల్లు, గుత్తి, పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎక్కడైనా సరే, ఏ శనివారమైనా సరే. రంగు కార్డులు మూలలు నలిగిపోతే మొన్ననే కొత్తవి కత్తిరించి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్,
గుంతకల్లు, అనంతపురం జిల్లా.